ఊహాజట్టు – ఎంపికలో వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

పరిమితమైన వనరులతో, తెలియని భవిష్యత్తును ఎదురుగా ఉంచుకొని నిర్ణయం తీసుకోవలసిన సందర్భాలు ప్రతి మనిషి జీవితంలోనూ వస్తాయి. అటువంటి నిర్ణయాలకు వినోదరూపంలో అభ్యాసం కల్పించే క్రీడ ఫాంటసీ ఫుట్‌బాల్. ఇంగ్లండులో విశేష ప్రచారం పొందిన ఈ క్రీడా విధానాన్ని తొలిసారి తెలుసుకొనేవారికి పరిచయం చేయడం, ఆటకూ జూదానికీ గల భేదాన్ని గుర్తింపజేయడం ఈ పాఠం ముఖ్యోద్దేశాలు.

పాఠం

ఆటను చూసే ప్రతి ప్రేక్షకుడి మనసులోనూ ఒక న్యాయమూర్తి ఉంటాడు. అభిమానించిన జట్టు ఓడిన రోజున ఆ న్యాయమూర్తి తీర్పు వెంటనే వెలువడుతుంది. "ఆ ఆటగాణ్ణి ముందే దింపి ఉంటే గెలిచేవాళ్ళం", "ఇతణ్ణి ఎందుకు ఎంపిక చేశారో అర్థం కాదు" అంటూ కళాశాల మైదానంలోనూ, టీ దుకాణం దగ్గరా చర్చలు సాగుతూనే ఉంటాయి. ఈ తీర్పులలో ఒక సౌకర్యం ఉన్నది. ఇవన్నీ ఫలితం తెలిసిన తరువాత వెలువడేవి. ఒడ్డున నిలిచి ఈతగాణ్ణి విమర్శించడం ఎంత సులభమో, ఆట ముగిసిన తరువాత ఎంపికను తప్పుపట్టడం అంత సులభం.

ఆ విమర్శకుణ్ణి నీటిలోకి దింపే క్రీడయే ఫాంటసీ ఫుట్‌బాల్. ఫాంటసీ అంటే ఊహ, కల్పన. ఇందులో పాల్గొనేవాడు మైదానంలో బంతిని తన్నడు. నిజమైన పోటీలలో ఆడే ఆటగాళ్ళ నుంచి కొందరిని ఎంచుకొని ఊహలో ఒక జట్టును నిర్మిస్తాడు. ఆ ఆటగాళ్ళు నిజమైన మైదానంలో చూపిన ప్రతిభను బట్టి అతని ఊహాజట్టుకు పాయింట్లు లభిస్తాయి. జట్టు ఊహలోనిదే అయినా పాయింట్లు మాత్రం నిజమైన ఆట నుంచే పుడతాయి. ఎంపిక ఆటకు ముందే జరగాలి. గడువు దాటిన తరువాత మార్పులకు అవకాశం లేదు. ఈ ఒక్క నియమమే ప్రేక్షకుణ్ణి బాధ్యత గల నిర్ణేతగా మారుస్తుంది.

పుట్టుక, వికాసం

ఊహాజట్లతో ఆడే క్రీడలకు అమెరికా జన్మస్థానం. అక్కడి ఫుట్‌బాల్ మన మెరిగిన ఫుట్‌బాల్‌కు భిన్నమైనది. బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తే ఆట అది. ఓక్లాండ్ రైడర్స్ అనే జట్టులో భాగస్వామి అయిన విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్ 1962లో కొందరు మిత్రులతో కలసి ఇటువంటి పోటీకి నియమాలు రూపొందించాడు. మరుసటి సంవత్సరం వారు తొలి పోటీ నిర్వహించుకొన్నారు. 1980లో డానియల్ ఒక్రెంట్ అనే రచయిత, అతని మిత్రులు న్యూయార్కులో బేస్‌బాల్‌కు అదే పద్ధతిని అన్వయించారు. వారు సమావేశమైన భోజనశాల పేరు మీదుగా ఆ ఆటకు 'రోటిసరీ' అనే పేరు స్థిరపడింది.

ఇంగ్లండులో ఈ ఆలోచనను కాలితో ఆడే ఫుట్‌బాల్‌కు అన్వయించి 1991లో ప్రచారంలోకి తెచ్చినవాడు ఆండ్రూ వైన్‌స్టీన్. 1994లో 'డైలీ టెలిగ్రాఫ్' పత్రిక తన పాఠకుల కోసం ఇటువంటి పోటీని ఆరంభించింది. అదే సంవత్సరం బి.బి.సి. టెలివిజన్‌లో ఫ్రాంక్ స్కిన్నర్, డేవిడ్ బడీల్ అనే హాస్యనటులు ఈ ఆట పేరుతోనే ఒక కార్యక్రమం నిర్వహించి దానిని ఇంటింటికీ పరిచయం చేశారు. ఇంగ్లండులోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ప్రీమియర్ లీగ్ 1992లో మొదలయింది. 2002–03 సీజన్‌లో ఆ సంస్థ తన అధికారిక ఫాంటసీ క్రీడను ఇంటర్నెట్‌లో ప్రవేశపెట్టింది. దానిలో నేడు ప్రపంచవ్యాప్తంగా కోటిమందికి పైగా పాల్గొంటున్నారు. ప్రవేశ రుసుము లేదు. ఈ పాఠంలో వివరించే నియమాలు ఆ క్రీడకు సంబంధించినవి. 2025–26 సీజన్‌లో అమలైనవి.

జట్టు నిర్మాణం

ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు ఉంటాయి. ప్రతి క్లబ్బు తక్కిన పందొమ్మిది క్లబ్బులతో రెండేసి సార్లు తలపడుతుంది. ఆగస్టులో మొదలై మే నెలలో ముగిసే సీజన్‌లో ఒక్కొక్క క్లబ్బు 38 ఆటలు ఆడుతుంది. ఫాంటసీ క్రీడలోనూ 38 అంచెలు ఉంటాయి. ఒక్కొక్క అంచెను గేమ్‌వీక్ అంటారు.

జట్టును ఎంచుకొనేవాణ్ణి మేనేజర్ అంటారు. సీజన్ ఆరంభంలో ప్రతి మేనేజర్‌కూ 10 కోట్ల పౌండ్ల ఊహాధనం లభిస్తుంది. లెక్క సౌలభ్యం కోసం దీనిని నూరు మిలియన్లుగా వ్యవహరిస్తారు. ఈ మొత్తంతో ఇద్దరు గోల్‌కీపర్లను, ఐదుగురు డిఫెండర్లను, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లను, ముగ్గురు ఫార్వర్డులను, అంటే మొత్తం పదిహేనుమందిని కొనాలి. ఒకే క్లబ్బు నుంచి ముగ్గురికి మించి తీసుకోరాదు. నిర్వాహకులు ప్రతి ఆటగాడికీ పూర్వానుభవాన్ని బట్టి ఒక వెల నిర్ణయిస్తారు. అగ్రశ్రేణి ఆటగాడి వెల పద్నాలుగు మిలియన్లకు పైగా కూడా ఉండవచ్చు. చవకగా లభించే డిఫెండర్ వెల నాలుగు మిలియన్లు.

ఈ క్రీడలోని కీలకమంతా ఇక్కడే ఉన్నది. నూరు మిలియన్లను పదిహేనుమందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది సుమారు 6.67 మిలియన్లు. 14 మిలియన్ల ఫార్వర్డును, 12.5 మిలియన్ల మిడ్‌ఫీల్డర్‌ను కొన్న మేనేజర్ వద్ద తక్కిన పదముగ్గురికి మిగిలేది 73.5 మిలియన్లు. అంటే తలకు 5.65 మిలియన్లు మాత్రమే. మూడవ మేటి ఆటగాణ్ణి కూడా కోరుకొంటే జట్టులో ఎక్కడో ఒకచోట బలహీనత తప్పదు. కోరిన వారందరినీ పొందడం ఎవరికీ సాధ్యం కాదు. ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్న కన్న ఎవరిని వదులుకోవాలన్న ప్రశ్నయే కఠినమైనది. ఇంటి ఖర్చును నడిపే తల్లి నెల మొదట్లో వేసే లెక్క ఇటువంటిదే. ఒకచోట చేయి జారితే మరొకచోట బిగించక తప్పదు.

కొన్న పదిహేనుమందిలో ప్రతి గేమ్‌వీక్‌కు పదకొండుమందిని ఆడించాలి. వారిలో ఒక గోల్‌కీపర్, కనీసం ముగ్గురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, ఒక ఫార్వర్డు ఉండాలి. మిగిలిన నలుగురు బెంచిపై ఉంటారు. ఎంచుకొన్న పదకొండుమందిలో ఎవరైనా ఆ వారం మైదానంలో అడుగు పెట్టకపోతే, బెంచిపై ఉన్నవారు నిర్దేశించిన వరుస ప్రకారం ఆ స్థానంలోకి వస్తారు. అందుచేత బెంచిని నిర్లక్ష్యం చేసినవాడు ఏదో ఒక వారం విచారించక తప్పదు.

పాయింట్ల విధానం

ఆటగాడు 60 నిమిషాలు, అంతకు మించి ఆడితే రెండు పాయింట్లు. అంతకన్న తక్కువ సేపు ఆడితే ఒక పాయింటు. గోల్ విలువ ఆటగాడి స్థానాన్ని బట్టి మారుతుంది. ఫార్వర్డు చేసిన గోల్‌కు నాలుగు, మిడ్‌ఫీల్డర్‌కు ఐదు, డిఫెండర్‌కు ఆరు, గోల్‌కీపర్‌కు పది పాయింట్లు లభిస్తాయి. గోల్ చేయడం ఎవరి ముఖ్యవిధి కాదో వారు గోల్ చేసినప్పుడు గౌరవం అధికం. గోల్‌కు దారితీసిన అందింపును అసిస్టు అంటారు. దానికి మూడు పాయింట్లు.

ప్రత్యర్థులకు ఒక్క గోల్ కూడా ఇవ్వకపోవడాన్ని క్లీన్‌షీట్ అంటారు. కనీసం 60 నిమిషాలు ఆడిన గోల్‌కీపర్‌కు, డిఫెండర్లకు దీనివల్ల నాలుగేసి పాయింట్లు, మిడ్‌ఫీల్డర్లకు ఒక్కొక్క పాయింటు లభిస్తాయి. గోల్‌కీపర్ అడ్డుకొన్న ప్రతి మూడు బంతులకూ ఒక పాయింటు, పెనాల్టీని ఆపితే ఐదు. ఒక్కొక్క ఆటలో అత్యుత్తమంగా రాణించిన ముగ్గురికి మూడు, రెండు, ఒకటి చొప్పున బోనస్ పాయింట్లు ఇస్తారు.

తప్పులకు శిక్షలూ ఉన్నాయి. పసుపుకార్డు చూపితే ఒక పాయింటు, ఎర్రకార్డు చూపితే మూడు పాయింట్లు కోత. పెనాల్టీని వృథా చేసినా, తన గోల్‌లోకి తానే బంతిని పంపినా రెండేసి పాయింట్లు పోతాయి. జట్టు రెండు గోల్స్ ఇచ్చినప్పుడల్లా గోల్‌కీపర్‌కు, డిఫెండర్లకు ఒక్కొక్క పాయింటు తగ్గుతుంది.

2025–26 సీజన్‌లో చేర్చిన ఒక నియమం ప్రత్యేకంగా గమనింపదగినది. ప్రత్యర్థి దాడిని అడ్డుకోవడం, బంతిని దూరంగా తరిమివేయడం, ఎదుటివారి అందింపును మధ్యలో చేజిక్కించుకోవడం వంటి పనులు ప్రేక్షకుల చప్పట్లకు అంతగా నోచుకోవు. ఇటువంటి పనులు ఒకే ఆటలో మొత్తం పదిసార్లు చేసిన డిఫెండర్‌కు రెండు పాయింట్లు ఇవ్వాలని నిర్ణయించారు. మిడ్‌ఫీల్డర్లకు, ఫార్వర్డులకు ఆ సంఖ్య పన్నెండు; వారి విషయంలో చెదిరిన బంతిని తిరిగి స్వాధీనం చేసుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. గోపురంపై కలశం అందరికీ కనిపిస్తుంది, పునాదిరాయి కనిపించదు. ఈ నియమంతో పునాదిరాయికి కూడా లెక్కలో చోటు లభించింది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక మిడ్‌ఫీల్డర్ ఆట ముగిసేదాకా ఆడి, ఒక గోల్ చేసి, మరొక గోల్‌కు అసిస్టు అందించాడు. అతని జట్టు ప్రత్యర్థులకు గోల్ ఇవ్వలేదు. అయితే అతనికి పసుపుకార్డు చూపారు. ఆడినందుకు రెండు, గోల్‌కు ఐదు, అసిస్టుకు మూడు, క్లీన్‌షీట్‌కు ఒకటి కలిపితే పదకొండు. పసుపుకార్డుకు ఒకటి తీసివేస్తే మిగిలేది పది. బోనస్ పాయింట్లు వస్తే దీనికి అదనం.

కెప్టెన్, బదిలీలు, చిప్స్

ప్రతి వారం మేనేజర్ తన జట్టులో ఒకరిని కెప్టెన్‌గా నియమించాలి. కెప్టెన్ పాయింట్లు రెట్టింపవుతాయి. పైన చెప్పిన మిడ్‌ఫీల్డర్ కెప్టెన్ అయి ఉంటే జట్టుకు ఇరవై పాయింట్లు వచ్చేవి. కెప్టెన్ ఆ వారం ఆడకపోతే రెట్టింపు అవకాశం వైస్ కెప్టెన్‌కు దక్కుతుంది.

వారానికి ఒక ఆటగాణ్ణి ఉచితంగా మార్చుకోవచ్చు. దీనిని బదిలీ అంటారు. వాడుకోని బదిలీలను ఐదింటి వరకు కూడబెట్టుకోవచ్చు. ఉచిత బదిలీలు లేనప్పుడు మరొకరిని మార్చాలంటే నాలుగు పాయింట్లు చెల్లించాలి. కొత్తగా వచ్చేవాడు పాతవాని కన్న నాలుగు పాయింట్లకు మించి సంపాదిస్తేనే ఆ మార్పు లాభకరం. అది ఒక్క వారంలో అరుదుగా జరుగుతుంది. రాబోయే నాలుగైదు వారాలను కలిపి చూస్తే సాధ్యం కావచ్చు. అందుచేత అనుభవజ్ఞులు మార్పు చేసే ముందు ఒక్క ఆటను కాక ఐదారు ఆటలను దృష్టిలో ఉంచుకొంటారు.

గిరాకీని బట్టి ఆటగాళ్ళ వెలలు 0.1 మిలియన్ చొప్పున పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. పెరిగిన వెలలో సగమే మేనేజర్‌కు లభిస్తుంది. ఏడు మిలియన్లకు కొన్న ఆటగాడి వెల 7.4 మిలియన్లకు చేరితే అమ్మినప్పుడు వచ్చేది 7.2 మిలియన్లు.

ఇవి కాక చిప్స్ అనే నాలుగు ప్రత్యేకావకాశాలు ఉన్నాయి. వైల్డ్‌కార్డ్ వాడితే ఆ వారం ఎందరినైనా ఉచితంగా మార్చుకోవచ్చు. ఆ మార్పులు స్థిరంగా ఉంటాయి. ఫ్రీహిట్ వాడితే మార్పులు ఒక్క వారానికే పరిమితం. తరువాతి వారం పాత జట్టు తిరిగి వస్తుంది. బెంచ్‌బూస్ట్ వాడితే బెంచిపై ఉన్న నలుగురి పాయింట్లు కూడా కలుస్తాయి. ట్రిపుల్ కెప్టెన్ వాడితే కెప్టెన్ పాయింట్లు మూడింతలవుతాయి. సీజన్ పూర్వార్ధంలో ఒకసారి, ఉత్తరార్ధంలో ఒకసారి చొప్పున వీటిని వినియోగించుకోవచ్చు. వాయిదాపడిన ఆటల వల్ల కొన్ని క్లబ్బులు ఒకే గేమ్‌వీక్‌లో రెండు ఆటలు ఆడవలసి రావచ్చు. వివేకులు తమ చిప్స్‌ను అటువంటి వారాల కోసం దాచుకొంటారు.

ప్రారంభకులు గమనింపదగిన విషయాలు

మొదటిది, ఆడేవాణ్ణి ఎంచుకోవడం. ఎంతటి ప్రతిభాశాలి అయినా బెంచిపై కూర్చుంటే పాయింట్లు రావు. గాయాలు, కార్డుల వల్ల కలిగే నిషేధాలు, వరుస పోటీల కారణంగా శిక్షకులు ఇచ్చే విశ్రాంతి – వీటిని గురించిన సమాచారాన్ని గడువుకు ముందు తెలుసుకోవాలి. శిక్షకులు ఆటకు ఒకటి రెండు రోజుల ముందు విలేకరులతో మాట్లాడతారు. ఆ మాటలను శ్రద్ధగా చదవడం మంచి అలవాటు.

రెండవది, గడువును గుర్తుంచుకోవడం. గేమ్‌వీక్‌లోని మొదటి ఆటకు 90 నిమిషాల ముందు గడువు ముగుస్తుంది. మొదటి ఆట ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉంటే, అక్కడ పదకొండు గంటలకే తలుపు మూసుకొంటుంది. అప్పుడు హైదరాబాదులోనైనా, విశాఖపట్నంలోనైనా మధ్యాహ్నం మూడున్నర గంటలవుతుంది. ఇంగ్లండులో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనుకకు తిప్పుతారు. ఆనాటి నుంచి మార్చి చివరి దాకా అదే గడువు మనకు సాయంత్రం నాలుగున్నర అవుతుంది. ఈ చిన్న భేదం తెలియక తొందరపడేవారు, తెలుసుకొన్నా మరచిపోయేవారు ఉంటారు.

మూడవది, స్థానాన్ని పరిశీలించడం. మొహమ్మద్ సలా 2017లో లివర్‌పూల్ క్లబ్బులో చేరినప్పుడు ఫాంటసీ క్రీడలో అతని వెల తొమ్మిది మిలియన్లు. నిర్వాహకులు అతణ్ణి మిడ్‌ఫీల్డర్‌గా లెక్కించారు. మైదానంలో అతడు ఆడినది మాత్రం ప్రత్యర్థి గోల్‌కు సమీపంలో. ఆ సీజన్‌లో అతడు 32 గోల్స్ చేశాడు. ప్రతి గోల్‌కు ఫార్వర్డుకు లభించే దాని కన్న ఒక పాయింటు ఎక్కువ లభించింది. మొత్తం 303 పాయింట్లు వచ్చాయి. పేరుకు, పనికి గల ఈ అంతరాన్ని ముందే గుర్తించినవారు లాభపడ్డారు. సలా 2024–25లో 29 గోల్స్, 18 అసిస్టులతో 344 పాయింట్లు సాధించి ఈ క్రీడలో కొత్త రికార్డు నెలకొల్పాడు.

నాలుగవది, అల్పమూల్యానికి లభించేవారిలోని గుణాన్ని పోల్చుకోవడం. 2014–15లో లెస్టర్ సిటీ పట్టికలో పద్నాలుగవ స్థానంతో సరిపెట్టుకొన్న క్లబ్బు. మరుసటి సీజన్ ఆరంభంలో ఆ క్లబ్బుకు చెందిన రియాద్ మహ్రెజ్ 5.5 మిలియన్లకే లభించాడు. ఆ సంవత్సరం లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ విజేత అయింది. 240 పాయింట్లతో మహ్రెజ్ ఫాంటసీ క్రీడలో అందరికన్న ముందు నిలిచాడు. వెల అనేది నిన్నటి వరకు లోకం ఏర్పరచుకొన్న అభిప్రాయం మాత్రమే. రేపటి ప్రతిభకు అది కొలబద్ద కాదు.

అంతమాత్రాన వెల ఎక్కువైన వారంతా వ్యర్థులనుకోవడం పొరపాటు. ఎర్లింగ్ హాలండ్ 2022లో మాంచెస్టర్ సిటీకి వచ్చినప్పుడు అతని వెల 11.5 మిలియన్లు. ఆ సీజన్‌లో అతడు 36 గోల్స్ చేశాడు. ప్రీమియర్ లీగ్‌లో ఒక సీజన్‌కు అది రికార్డు. ఖరీదైనదని అతణ్ణి వదులుకొన్నవారు ఏడాది పొడవునా వెనుకబడ్డారు.

ఐదవది, ఓర్పు. నిన్న రెండు గోల్స్ చేసిన ఆటగాణ్ణి నేడు లక్షలాది మంది కొంటారు. అప్పటికే ఆ గోల్స్ పాయింట్లు ఇతరుల ఖాతాలో పడి ఉంటాయి. గడచిన పంటకు నేడు విత్తనం చల్లడం వంటిదే ఈ తొందరపాటు. రాబోయే ఆటలలో ప్రత్యర్థులు ఎవరు, ఆ ఆటగాడికి గోల్ అవకాశాలు తరచుగా దొరుకుతున్నాయా, పెనాల్టీలు ఎవరు తీసుకొంటున్నారు అనే ప్రశ్నలు వేసుకొన్న తరువాతనే మార్పు చేయాలి.

నిర్ణయము – ఫలితము

ఈ క్రీడలో కొత్తవారిని ఎక్కువగా కుంగదీసేది సక్రమమైన ఆలోచనకు చెడు ఫలితం రావడం. ఒక మేనేజర్ ఆటగాళ్ళ స్థితిగతులను పరిశీలించి, బలహీనమైన ప్రత్యర్థితో సొంత మైదానంలో ఆడుతున్న మేటి ఫార్వర్డును కెప్టెన్‌గా నియమించాడనుకొందాం. పదవ నిమిషంలో అతనికి గాయమై మైదానం వదిలాడు. వచ్చింది ఒక పాయింటు. రెట్టింపు చేస్తే రెండు. పక్కనున్న మిత్రుడు ఏ ఆలోచనా లేకుండా నియమించిన డిఫెండర్ గోల్ చేసి, క్లీన్‌షీట్ కూడా సాధిస్తే పన్నెండు, రెట్టింపు చేస్తే ఇరవై నాలుగు పాయింట్లు వస్తాయి. ఇక్కడ ఎవరు వివేకి? పాయింట్లను బట్టి మిత్రుడు. ఆలోచనను బట్టి మొదటివాడు.

ఒక వారం ఫలితం అదృష్టాన్ని చూపుతుంది. ముప్పై ఎనిమిది వారాల ఫలితం అలవాటును చూపుతుంది. చదరంగంలో ప్రపంచ విజేతగా ప్రసిద్ధుడైన మాగ్నస్ కార్ల్‌సన్ 2019 డిసెంబరులో ఈ క్రీడలో లక్షలాది మంది మధ్య కొద్దికాలం ప్రథమస్థానంలో నిలిచాడు. సీజన్ ముగిసేసరికి ఆ స్థానం అతనికి దక్కలేదు. అయినా తొలి పదిమందికి సమీపంలోనే నిలిచాడు. శిఖరాన్ని అంటడానికి అదృష్టం తోడు కావాలి. శిఖరం దాపుల దాకా చేరడానికి క్రమశిక్షణ చాలు.

కనుక గేమ్‌వీక్ ముగిసిన తరువాత మేనేజర్ వేసుకోవలసిన ప్రశ్న "ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అన్నది మాత్రమే కాదు. "గడువుకు ముందు తెలిసిన సమాచారంతో ఇంతకన్న మేలైన నిర్ణయం సాధ్యమా?" అన్నది అసలు ప్రశ్న. సాధ్యమైతే దిద్దుకోవాలి. కాకపోతే ఫలితాన్ని ప్రశాంతంగా స్వీకరించాలి. ప్రతి నిర్ణయానికి ముందు దాని కారణాన్ని ఒక పుస్తకంలో రెండు పంక్తులలో రాసుకొంటే ఈ పరిశీలన సులభమవుతుంది. ఫలితం తెలిసిన తరువాత మనసు తన పాత ఆలోచనను మార్చి చెబుతుంది. రాత మాత్రం మారదు.

ఆట – జూదం

ఊహాజట్ల క్రీడకు మరొక ముఖం కూడా ఉన్నది. డబ్బు కట్టి, గెలిస్తే డబ్బు పొందే రూపంలో ఇది మన దేశంలో క్రికెట్ ఆధారంగా విస్తృతంగా వ్యాపించింది. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యం మీద ఆధారపడినదైనా, అదృష్టం మీద ఆధారపడినదైనా, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటను దేశవ్యాప్తంగా నిషేధించింది.

ఇంత కఠినమైన నియమం ఎందుకన్న సందేహం కలగవచ్చు. పందెపు ఆటలలో నిర్వాహకుడు ముందుగా తన వాటా తీసుకొంటాడు. ఆడినవారందరూ కలిసి కట్టిన మొత్తం కన్న వారందరికీ కలిసి తిరిగి వచ్చే మొత్తం తప్పక తక్కువగా ఉంటుంది. ఒకరు గెలిచారంటే పలువురు పోగొట్టుకొన్నారని అర్థం. పోయిన దానిని రాబట్టుకోవాలనే అత్యాశ మళ్ళీ పందెం కాయిస్తుంది. రుసుము లేని ఆటలో తప్పు నిర్ణయం ఒక పాఠమవుతుంది. పందెంలో అదే తప్పు నిర్ణయం అప్పు అవుతుంది.

మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ సందర్భంలో స్మరణీయం. నలుడు పుష్కరునితో పాచికలాడి రాజ్యం కోల్పోయాడు. బాహుకుడనే పేరుతో అయోధ్యాధిపతి ఋతుపర్ణుని వద్ద సారథిగా చేరాడు. విదర్భకు పోయే దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకుల, కాయల సంఖ్యను చూపుతోనే చెప్పాడు. నలుడు రథం ఆపి లెక్కించి చూడగా ఆ సంఖ్య సరిపోయింది. నలుడు తన అశ్వవిద్యను ఇచ్చి ఋతుపర్ణుని నుంచి అక్షహృదయమనే ఆ విద్యను పొందాడు. ఆ విద్య అలవడగానే అతణ్ణి ఆవహించి ఉన్న కలి విడిచిపోయాడు. కథలో నలుడు తరువాత మళ్ళీ పాచికలాడి రాజ్యం గెలుచుకొన్న మాట నిజమే. అయితే నేటి పాఠకుడు గ్రహించవలసినది పందెం కాదు. సంఖ్య తెలియని ఆవేశంలో కలి ప్రవేశిస్తాడు. పరిశీలన, గణన అలవడినచోట నిలువలేడు. లెక్క తెలిసినవాడు పందెపు ఆటలో నిర్వాహకుని వాటాను కూడా లెక్కించి, దానికి దూరంగా ఉంటాడు.

ముగింపు

ఈ క్రీడను ప్రారంభించడానికి పెద్ద ఏర్పాట్లు అవసరం లేదు. నలుగురైదుగురు మిత్రులు కలసి సొంతంగా ఒక చిన్న లీగును ఏర్పరచుకోవచ్చు. వారానికి ఒకటి రెండు గంటలు చాలును. అంతకు మించితే అది చదువు కాలాన్ని హరిస్తుంది. ఆటగాళ్ళ పరిశీలన, అంకెల పరిచయం, దూరదేశపు పట్టణాల, మైదానాల విశేషాలు ఇందులో అప్రయత్నంగా అలవడతాయి.

వీటన్నిటికన్న విలువైన లాభం మరొకటి ఉన్నది. ఊహాజట్టును ఒక సీజన్ పాటు నడిపినవాడు మునుపటి వలె తీర్పులు చెప్పలేడు. ఓడిన జట్టు శిక్షకుణ్ణి నిందించబోయే ముందు, గడువుకు ముందు తాను పడిన తికమక అతనికి జ్ఞాపకం వస్తుంది. పరిమితమైన ధనం, అసంపూర్ణమైన సమాచారం, ఆగని కాలం – ఈ మూడింటి మధ్య నిర్ణయం తీసుకొనే ప్రతి మనిషి పట్లా అతనికి కొంత సానుభూతి కలుగుతుంది. గెలుపోటములు సీజన్‌తో ముగుస్తాయి. ఆ సానుభూతి మాత్రం మిగులుతుంది.

అభ్యాసం

అ. కఠిన పదాలకు అర్థాలు
నిర్ణేత = నిర్ణయం చేసేవాడు
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
గిరాకీ = కొనేవారి కోరిక
పూర్వార్ధం = మొదటి సగం
పణం = పందెంగా ఒడ్డినది
అక్షహృదయం = పాచికల రహస్యం తెలిపే విద్య

ఆ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఊహాజట్టు నిర్మాణంలో మేనేజర్ ఎదుర్కొనే పరిమితులను వివరించండి.
2. ఆటకూ జూదానికీ గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 2025–26లో చేర్చిన నియమం ఎవరి శ్రమను గుర్తించింది?
2. సలా, మహ్రెజ్ ఉదాహరణల ద్వారా తెలిసే విషయాలేవి?
3. నిర్ణయానికి కారణాన్ని ముందుగా రాసుకోవడం వల్ల ప్రయోజనమేమి?

ఈ. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్న కన్న ఎవరిని వదులుకోవాలన్న ప్రశ్నయే కఠినమైనది.
2. ఒక వారం ఫలితం అదృష్టాన్ని చూపుతుంది. ముప్పై ఎనిమిది వారాల ఫలితం అలవాటును చూపుతుంది.

ఉ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. క్లీన్‌షీట్ అంటే ఏమిటి?
2. ఒకే క్లబ్బు నుంచి ఎందరిని ఎంచుకోవచ్చు?
3. నలుడు ఋతుపర్ణునికి ఏ విద్యను ఇచ్చాడు?

ఊ. సంధులు
పూర్వానుభవం = పూర్వ + అనుభవం – సవర్ణదీర్ఘ సంధి
అత్యాశ = అతి + ఆశ – యణాదేశ సంధి
ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం – గుణసంధి

ఋ. సమాసాలు
గెలుపోటములు – గెలుపూ, ఓటమీ – ద్వంద్వ సమాసం
అల్పమూల్యం – అల్పమైన మూల్యం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
అశ్వవిద్య – అశ్వముల యొక్క విద్య – షష్ఠీ తత్పురుష సమాసం